గ్రావెల్ లోడులో వచ్చిన సమాధి: పర్మిట్ల మీద సంతకం చేసే అధికారులకు బహిరంగ లేఖ

మెట్టలో గ్రావెల్ తవ్వకాలకు పర్మిట్లు ఇచ్చే అధికారులకు, నమస్కారం.

నేను కోనసీమలో కొబ్బరికాయల వ్యాపారం చేసుకునే మనిషిని. చదువు ఇంటర్‌తో ఆగిపోయింది. చిన్నప్పుడు మాకు కొండ కనపడాలంటే అన్నవరానికో ద్వారకా తిరుమలకో మొక్కు ఉండాలి. మా ఊళ్లో నేల తవ్వితే ఒండ్రు, ఇంకా తవ్వితే ఇసుక, ఆ కింద నీళ్లు. రాయి అన్నది దొరకదు. రుబ్బురోలు దగ్గర్నుంచి గుడి గడప దాకా ఊళ్లో ఉన్న ప్రతి రాయీ ఎక్కడి నుంచో పడవ మీదో బండి మీదో వచ్చిందే. అలాంటిది, మా ఇంటి స్థలంలోకి పిలవకుండా ఒక రాయి వచ్చింది. ఆ సంగతి మీకు చెప్పుకోవాలనే ఈ ఉత్తరం. ముందు ఆఫీసుకే రాశాను. జవాబు రాలేదు కాబట్టి ఇలా అందరూ చదివేలా రాస్తున్నాను.

రెండేళ్ల కిందట ఇల్లు మొదలుపెట్టాం. అయిదు సెంట్ల స్థలం, రోడ్డు కంటే బాగా పల్లం. మా వైపు పల్లం అంటే ఎంత భయమో మీకు తెలుసు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల నీరు దాటినప్పుడు మా పాత ఇంట్లో నీళ్లు ఎంతవరకు వచ్చాయో మా నాన్న గోడ మీద మేకుతో గీత గీసి ఉంచాడు. ప్రతి సంక్రాంతికీ సున్నం వేసేటప్పుడు ఆ గీత మాత్రం వదిలేయించేవాడు. కొత్త ఇంటి గచ్చు ఆ గీత కంటే పైన ఉండాల్సిందేనని మా అమ్మ పట్టు. మేస్త్రి లెక్కేసి, రెండున్నర అడుగులు మెరక చెయ్యాలి, 22 లోడ్లు పడతాయి అన్నాడు. ఊళ్లో మట్టి పనికిరాదు. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు తీస్తుంది, మీద కట్టిన గోడను కూడా చీలుస్తుంది. మెట్ట నుంచి వచ్చే ఎర్ర గ్రావెల్ అయితే నీళ్లు కొట్టి దిమ్మిస కొడితే సిమెంటులా గట్టిపడుతుంది. సరేనన్నాం. టిప్పర్లు రాత్రిపూట వచ్చి పోసి వెళ్లేవి. పగలు ఎందుకు రావని నేను అడగలేదు. ఎవరు అడుగుతారు?

పదిహేనో లోడో పదహారో లోడో. తెల్లారి అమ్మ ముగ్గు వెయ్యడానికి నీళ్లు చల్లుతుంటే ఆ ఎర్రమట్టి గుట్టలో ఏవో పెంకులు నిగనిగలాడుతూ కనిపించాయి. పగిలిన కుండ పెంకులే. కానీ మా కుమ్మరి కుండల్లా లేవు. లోపల నల్లగా, బయట ఎర్రగా, అంచు దగ్గర మళ్లీ నల్లగా ఉన్నాయి. చేత్తో రుద్దితే నునుపు. పక్కన ఒక రాతి పలక ముక్క, మూడడుగుల పొడవు ఉంటుంది. ఒక అంచున ఎవరో చంద్రవంకలా తొలిచినట్టు గుండ్రటి వంపు. తుప్పు పట్టిన ఇనప ముక్క ఒకటి, కొడవలి మొనలా వంగి ఉంది. వీటి మధ్య సుద్దలా తెల్లటి పలుకులు.

అమ్మ ఆ తెల్లటి పలుకు ఒకటి చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. "ఇది ఎముక రా" అంది. నేను సుద్ద అన్నాను. "మీ నాన్న సంచయనం నాడు ఏరినవి నేను చూడలేదా" అంది. ఆ మాటతో ఆ రోజు పని ఆపేశాం. పంతులుగారిని పిలిస్తే ఆయన కూడా ఏం చెప్పాలో తెలియక, శంకుస్థాపన మళ్లీ చేయించమనలేదు గానీ, ఒక శాంతి చేయించండి చాలు అన్నారు. మేస్త్రి మాత్రం కూలీల రోజు కూలి పోతోందని గొణుగుతూనే ఉన్నాడు.

ఆ పెంకులు ఒక హార్లిక్స్ సీసాలో వేసుకుని, పలక ముక్కకు సెల్లులో ఫొటో తీసుకుని, రాజమండ్రిలో మా బంధువుల అబ్బాయికి చరిత్ర చెప్పే లెక్చరరు దగ్గరికి వెళ్లాను. ఆయన సీసా మూత తియ్యగానే కుర్చీలో ముందుకు జరిగారు. పెంకు కన్నా ఆ పలక ఫొటోనే ఎక్కువసేపు చూశారు. ఆ చంద్రవంక ఒక గుండ్రటి కన్నంలో సగం అన్నారు. మిగతా సగం ఉన్న ముక్క ఎవరి స్థలంలో పడిందో దేవుడికే తెలియాలి.

ఆయన చెప్పిందాంట్లో నాకు అర్థమైనంత రాస్తాను. తప్పుంటే నాది. వీటిని పుస్తకాల్లో బృహత్ శిలా సమాధులు అంటారట. మన పల్లెల్లో రాకాసి గుళ్లు, పాండవ గుళ్లు అంటారు. సుమారు 3000 ఏళ్ల కిందట మొదలై క్రీస్తు శకం తొలి శతాబ్దాల దాకా, దక్షిణాదిలో ఇనుము వాడకం తెలిసిన మనుషులు తమవాళ్లను ఇలా సమాధి చేసేవారు. నేలలో గొయ్యి తీసి, నాలుగు పెద్ద పలకలను ఒకదాని అంచు ఇంకొకదాన్ని దాటి వచ్చేలా నిలబెట్టేవారు. పైనుంచి చూస్తే స్వస్తిక్ గుర్తులా ఉంటుంది. అలా పెడితే బయటి మట్టి ఎంత నెట్టినా పలకలు లోపలికి పడవు. ఇంజినీరింగ్ అంటే ఇదీ అన్నారాయన. తరచు తూర్పు వైపు పలకకు గుండ్రటి కన్నం తొలిచేవారు. దాన్ని ఆత్మ వచ్చిపోయే దారి అనేవాళ్లూ ఉన్నారు, తర్వాత చనిపోయినవారి ఎముకలు లోపల పెట్టడానికని అనేవాళ్లూ ఉన్నారు. పైన కప్పురాయి. దాని మీద రాళ్ల కుప్ప, చుట్టూ గుండురాళ్ల వలయం. వేల ఏళ్లు గాలి, వాన, మట్టి పట్టి చివరికి అది తుప్పలు మొలిచిన చిన్న దిబ్బలా మిగులుతుంది. తెలియనివాడి కంటికి అది ఉత్త దిబ్బ.

కుండ లోపల నలుపు, బయట ఎరుపు ఎలా వస్తాయో కూడా చెప్పారు. కుండను ఆవంలో బోర్లించి కాలుస్తారట. బోర్లించిన వైపు గాలి ఆడక, ఆకూ అలమూ పొగ పట్టి నల్లబడుతుంది. గాలి తగిలిన వైపు ఎర్రబడుతుంది. మా అమ్మకు ఈ ముక్క చెబితే, "అన్నం కుండ మాడితే నాకు తెలియదా" అని నవ్వింది.

ఇంకో ముక్క నా మనసులో గుచ్చుకుంది. ఈ సమాధుల్లో చాలావాటిలో మనిషిని చనిపోయిన రోజునే పూడ్చలేదట. శరీరాన్ని ఎక్కడో ఉంచి, మాంసం పోయాక ఎముకలు ఏరి తెచ్చి కుండల్లోనో పలకల గదిలోనో పెట్టి, పక్కన గిన్నెలు, కొడవళ్లు, గొడ్డళ్లు, బాణం మొనలు, ఎర్ర పూసలు ఉంచేవారు. ఎముకలు ఏరి కుండలో పెట్టడం మనకు తెలియనిదా? మనం ఏరిన అస్థికలు కోటిలింగాల రేవులోనో అంతర్వేది సంగమంలోనో కలుపుతాం. వాళ్లు కొండవాలులో రాతి గదిలో దాచారు. అంతే తేడా. మా అమ్మ ఆ తెల్లటి పలుకు చూసి గుర్తుపట్టింది అందుకే.

ఆ తర్వాత ఆదివారం ఆ టిప్పరు డ్రైవరును బతిమాలి, డీజిలు నేనే కొట్టించి, లోడు ఎత్తిన కొండ దగ్గరికి వెళ్లాను. ఏ మండలమో, ఏ ఊరో ఇక్కడ రాయను. రాస్తే మీకంటే ముందు గునపాలు పట్టుకున్నవాళ్లు వెళతారు. గుప్తనిధులనే పిచ్చి మన జిల్లాల్లో తక్కువేమీ కాదు. నిజానికి ఆ సమాధుల్లో బంగారం దొరకడం అరుదు. దొరికేది మట్టి కుండ, తుప్పు పట్టిన ఇనుము, అదృష్టం బాగుంటే నాలుగు పూసలు. ఆ తుప్పు పట్టిన ఇనుమే చదువుకున్నవాళ్లకు బంగారం, కానీ ఆ మాట గునపం పట్టినవాడికి చెప్పలేం.

జీడిమామిడి తోటలు దాటి ఎర్రటి దుమ్ములో పైకి వెళ్లాం. కొండ సగం లేదు. కేకు కోసినట్టు నిటారుగా కోసేశారు. కోత అంచున పొక్లెయిన్ ఆగి ఉంది. ఆదివారం కాబట్టి పని లేదు. మిగిలిన సగం మీద తుప్పల మధ్య గుండురాళ్ల వలయాలు అయిదు కనిపించాయి. ఒక్కోటి అడ్డంగా పది పన్నెండు అడుగులు వేసేంత. ఒకటి సరిగ్గా కోత అంచు మీద ఉంది. దాని సగం వలయం గాలిలో వేలాడుతున్నట్టు ఉంది. కోతలో పలక అంచు, దాని కింద బూడిద రంగు మట్టి పొర కనపడుతున్నాయి. మా ఇంట్లో పడ్డది దాని పక్కదే అయి ఉంటుంది.

మేకలు కాసుకునే పెద్దాయన ఒకరు వచ్చి కూర్చున్నారు. "రాకాసి గుళ్లండి బాబూ. మా చిన్నప్పుడు ముప్పై దాకా ఉండేవి. వాటి మీద కాలు పెడితే జొరం వస్తుందని మా నాయన కొట్టేవోడు" అన్నారు. మరి ఇప్పుడు మిషన్ ఎక్కుతోంది కదా అంటే, "మిషనుకు జొరం రాదు కదండీ" అన్నారు. నవ్వొచ్చింది, తర్వాత రాలేదు. ఆ ఊళ్లో వేల ఏళ్లు ఆ రాళ్లను కాపాడింది ఏ చట్టమూ కాదు, ఆ జ్వరం భయమే. భయం పోయింది. దాని చోట్లోకి రావలసిన మీరు ఇంకా రాలేదు.

చట్టం సంగతి కూడా ఆ లెక్చరరు దగ్గరే కూర్చుని చదివించుకున్నాను. 1958 నాటి కేంద్ర పురాతన కట్టడాల చట్టంలో పురాతన కట్టడం అంటే ఏమిటో చెప్పేచోట కట్టడం, శాసనం, గుహలతో పాటు సమాధి దిబ్బ, మనుషుల్ని పూడ్చిన చోటు అన్న మాటలు కూడా ఉన్నాయి. 100 ఏళ్లు దాటి ఉంటే చాలు. మన రాష్ట్రానికి 1960లో వేరే చట్టమూ ఉంది. చదివి సంతోషపడ్డాను. ఆ సంతోషం రెండు నిమిషాలే. చట్టంలో ఆ పేరు ఉన్నంత మాత్రాన కాపలా రాదు. ప్రభుత్వం దాన్ని రక్షిత కట్టడం అని గెజిట్‌లో ప్రకటించాలి. కేంద్రం అలా ప్రకటించిన వాటి చుట్టూ 100 మీటర్లు కొత్తగా ఏమీ కట్టకూడదు, తవ్వకూడదు. ప్రకటించని దిబ్బకు దాని చుట్టూ ఉన్న తుప్పలే రక్షణ. మెట్టలో ఉన్న రాకాసి గుళ్లు అన్నీ వెతికి, కొలిచి, గెజిట్‌లో వేసేసరికి ఎన్నేళ్లు పడుతుందో మీకు నాకంటే బాగా తెలుసు. అంతవరకు గ్రావెల్ ఆగదు.

కాబట్టి ఆ దిబ్బకూ పొక్లెయిన్‌కూ మధ్య ప్రస్తుతం అడ్డంగా ఉన్నది ఒక్కటే. మీ సంతకం. నేను పురావస్తు శాఖకు కాకుండా మీకు రాయడానికి కారణం ఇదే. వాళ్లకు తెలిసేసరికి కొండ ఉండదు. మీకు మాత్రం తవ్వకానికి ముందే తెలుస్తుంది. సర్వే నంబరు, హద్దులు, ఎన్ని క్యూబిక్ మీటర్లు, సీనరేజి (తవ్విన మట్టికి ప్రభుత్వానికి కట్టే రుసుము) ఎంత, అన్నీ మీ టేబుల్ మీదకే వస్తాయి. ఆ ఫైలులో ఒక్క కాగితం ఎక్కువ పెట్టమని అడుగుతున్నాను. ఈ స్థలం మీద ఫలానా రోజు ఒక మనిషి నడిచి చూశాడు, రాళ్ల వలయాలు ఉన్నాయి లేదా లేవు, ఇవిగో ఫొటోలు అన్న కాగితం.

ఆ నడిచే మనిషి పెద్ద శాస్త్రవేత్త కానక్కర్లేదు. డిగ్రీ కాలేజీల్లో చరిత్ర చెప్పేవాళ్లు ఉన్నారు. పురావస్తు శాఖలో రిటైరై ఇంట్లో ఉన్నవాళ్లు ఉన్నారు. అన్నిటికీ మించి ఆ ఊరి మేకల కాపరి ఉన్నాడు. గంటసేపు అతని వెంట నడిస్తే ఎన్ని వలయాలో, ఎక్కడెక్కడో వేలు పెట్టి చూపిస్తాడు. వాన వెలిశాక, గడ్డి ఎండిపోయాక వెళితే ఇంకా బాగా కనపడతాయట. కంటికి కనపడేదాన్ని చూడటానికి పెద్ద ఖర్చేమీ అవసరం లేదు.

ఇక్కడ కాంట్రాక్టర్ల మాట కూడా చెప్పాలి. నేను గ్రావెల్ ఎవరి దగ్గర కొన్నానో అతనితో మాట్లాడాను. మంచి మనిషే. "పలకలు తగులుతూనే ఉంటాయండీ. చెబితే పని ఆపేస్తారు. మళ్లీ ఎప్పుడు మొదలెట్టమంటారో ఎవడూ చెప్పడు. టిప్పరు కిస్తీ ఎవరు కడతారు? అందుకే రాత్రికి రాత్రి ఎత్తేస్తాం" అన్నాడు. అతని మీద కోపం వచ్చింది గానీ, అతను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. చెప్పినవాడికి నష్టం, దాచినవాడికి లాభం అయ్యేలా ఏర్పాటు ఉంటే ఎవరైనా దాస్తారు. నిజం చెప్పినవాడి పని 15 రోజుల్లో తేల్చండి. వలయాలు ఉన్న మేర వదిలేసి, అంత మేర ఇంకోచోట చూపించండి, లేదా కట్టిన సీనరేజిలో సర్దుబాటు చెయ్యండి. పొక్లెయిన్ ఆపరేటర్లకు ఒక్క మాట చెప్పించండి: నేలలో పలక నిలువుగా తగిలితే బకెట్ ఆపు, ఫోన్ చెయ్యి, నీ రోజు కూలి నీకు వస్తుంది. జరిమానాల బెదిరింపు కంటే ఇది ఎక్కువ పనిచేస్తుందని నా వ్యాపారం అనుభవం చెబుతోంది. దింపు కూలీలు, అంటే చెట్టెక్కి కొబ్బరికాయలు దింపేవాళ్లు, పచ్చి కాయలు కోస్తే కూలి కోస్తానని నేను పదేళ్లు బెదిరించాను, మారలేదు. చూసి కోసినవాడికి పది రూపాయలు ఎక్కువ ఇచ్చాక మారారు.

ఆపడం కుదరని చోట్లు ఉంటాయి. నేను అన్నీ ఆపమనడం లేదు. మాకు మెరక కావాలి, రోడ్లు కావాలి. 2027లో పుష్కరాలు, గట్లకీ దారులకీ ఎంత గ్రావెల్ పడుతుందో ఊహించలేను. మన పితరులకు పిండాలు పెట్టడానికి వచ్చే జనం నడిచే దారి కింద ఇంకెవరి పితరులో ఉండకూడదనేదే నా బాధ. ఆపలేనప్పుడు ముందు పద్ధతిగా తవ్వి, రాసుకుని, దొరికినవి దాచి, ఆ తర్వాత ఇవ్వండి. ఇది కొత్త కోరిక కాదు. నాగార్జునసాగర్ నీళ్లు ఎక్కకముందు 1954 నుంచి ఆరేళ్లు నాగార్జునకొండ లోయంతా తవ్వి తీశారు. బౌద్ధ కట్టడాలే కాదు, అక్కడ ఇలాంటి రాతి సమాధులు కూడా బయటపడ్డాయి. ఒకదాన్ని ఇప్పుడు దీవి మీద తిరిగి పేర్చి పెట్టారు, లాంచీలో వెళ్లినవాళ్లు చూసే ఉంటారు. మన గోదావరి మీదే, పోలవరం ముంపు ప్రాంతంలో వేలేరుపాడు మండలం రుద్రమకోట దగ్గర ఇనుపయుగం సమాధులను ముంపుకు ముందే తవ్వి చూశారు. తెలంగాణలో సిద్దిపేట జిల్లా నర్మెట్టలో ఒక సమాధి కప్పురాయి 40 టన్నులకు పైనే ఉంది. దాన్ని క్రేన్లతో ఎత్తారు. ఆ రోజుల్లో క్రేను లేకుండా దాన్ని ఎలా పెట్టారో తలుచుకుంటే నాకు నిద్ర పట్టలేదు. అదే తెలంగాణలో ముడుమాల్ నిలువురాళ్లు 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాకు ఎక్కాయి. ఆనకట్టకూ ప్రాజెక్టుకూ ఆగగలిగిన ప్రభుత్వం గ్రావెల్‌కు 15 రోజులు ఆగలేదా?

మా డెల్టావాళ్లకు కూడా రెండు ముక్కలు, ఇది వాళ్లూ చదువుతారు కాబట్టి. మన నేల చిన్నది, వయసులో కూడా. ఈ ఒండ్రు అంతా గోదావరి తెచ్చి పోసి, సముద్రాన్ని వెనక్కి నెట్టుకుంటూ సుమారు ఆరువేల ఏళ్లుగా కట్టుకొచ్చినది. ఆ సమాధులు కట్టిన రోజుల్లో మన ఊళ్లు చాలావాటి చోట ఉప్పునీరో, పర్రో, మడ అడవో ఉండి ఉంటుంది. అందుకే రాకాసి గుళ్లు మన పల్లంలో లేవు, మెట్టలోనే ఉన్నాయి. పల్లంలో మనకు మిగిలిన పాత దిబ్బ అంటే మామిడికుదురు మండలం ఆదుర్రులో వైనతేయ పాయ ఒడ్డున ఉన్న బౌద్ధ స్తూపం. దాన్ని కూడా ఊరివాళ్లు దుబరాజు గుడి అంటూ వచ్చారు. సింహళానికి పోతూ సంఘమిత్ర అక్కడ ఆగిందని ఒక కథ చెబుతారు. ఆ ఇటుకల దిబ్బ చూడటానికి మన పిల్లల్ని స్కూలు బస్సుల్లో తీసుకెళతాం. దానికంటే పాతవి కావచ్చు, టిప్పర్లలో మన గుమ్మంలోకే వస్తున్నాయి, వాటి మీద దిమ్మిస కొడుతున్నాం.

మనం ఎప్పుడూ మెట్ట మీద ఆధారపడే బతికాం. 1847 నుంచి 1852 దాకా కాటన్ దొర ఆనకట్ట కట్టినప్పుడు రాయి ధవళేశ్వరం కొండల్లోంచే తీశారు. ఆ రాయి వల్లే మనకు రెండు పంటలు, కొబ్బరితోటలు, నా వ్యాపారం. కొండ దగ్గర తీసుకోవడం తప్పని నేను అనను. కానీ లోడు కొనేటప్పుడు రేటు ఒక్కటే కాకుండా ఎక్కడిది, పర్మిటు ఉందా అని అడగడం మొదలెడితే రాత్రి లోడ్లు కొన్నైనా పగలు వస్తాయి. నేను అడగలేదు. నా ఇల్లు ఆ గ్రావెల్ మీదే ఉంది. గృహప్రవేశం అయిపోయింది, పాలు పొంగించాం, ఈ ఉత్తరం రాస్తున్న గది కింద కూడా అదే మట్టి. నీతులు చెప్పే హక్కు నాకెంత ఉందో నాకు తెలుసు.

ఆఫీసు సంగతి క్లుప్తంగా చెబుతాను. ఒక ఆఫీసులో మా పరిధి కాదన్నారు. రెండో ఆఫీసులో లిఖితపూర్వకంగా ఇవ్వమన్నారు, ఇచ్చాను, ముద్ర వేసి కాగితం తీసుకున్నారు. నాలుగు నెలలకు మళ్లీ కొండ దగ్గరికి వెళ్లాను. అయిదు వలయాల్లో మూడు ఉన్నాయి. గాలిలో వేలాడినది లేదు. మేకల పెద్దాయన ఈసారి ఏమీ అనలేదు, మిగిలిన మూడింటి వైపు కర్రతో చూపించారు అంతే. ఆ మూడింటికి ఫొటోలు తీశాను, సెల్లులో లొకేషన్ కూడా ఉంది. అడిగిన అధికారికి ఇస్తాను, ఇంకెవరికీ ఇవ్వను.

ఇంకొక్క పని మిగిలింది, దానికి మీ సాయం కావాలి. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇంకా అమల్లోనే ఉందట. నేలలో దాగిన విలువైనది ఏదైనా దొరికి, దాని విలువ పది రూపాయలు దాటితే, దొరికినవాడు కలెక్టరుగారికి రాసి ఇవ్వాలి. ఏం దొరికింది, ఎక్కడ దొరికింది, ఎప్పుడు దొరికింది అన్నీ రాయాలి. నా దగ్గర 31 పెంకులు, ఒక ఇనప ముక్క, సగం కన్నం ఉన్న పలక ఉన్నాయి. తెల్లటి పలుకులు మాత్రం లేవు. అవి మా అమ్మ తీసుకెళ్లి గోదావరిలో కలిపింది. చట్టం ప్రకారం అది తప్పైతే ఆమె తరఫున నేను ఒప్పుకుంటాను. తక్కిన వాటి విలువ పది రూపాయలు దాటుతుందో లేదో మీరే చెప్పాలి. దొరికిన చోటు అన్న గడిలో కొండ సర్వే నంబరు రాయాలా, మా ఇంటి డోరు నంబరు రాయాలా అన్నది కూడా చెప్పండి. కాగితం రెండు ప్రతులు రాసి సిద్ధంగా ఉంచాను, ఆ గడి ఒక్కటే ఖాళీ.

పెంకులు తీసుకుని రసీదు ఇస్తే చాలు. ఎప్పుడు రమ్మంటే అప్పుడు వస్తాను, దింపు రోజులు తప్ప.

ఇట్లు,
22 లోడ్ల గ్రావెల్ కొన్న కోనసీమ వ్యాపారి